హోమ్ స్కూలింగా, ప్రభుత్వ పాఠశాలా? ముందు మీ ఇంటి రోజును లెక్కపెట్టండి

జూన్ 12 దగ్గర పడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మీరు బాబుని రెండేళ్లు ఇంట్లోనే చదివించారు కదా. మేమూ అలాగే చేద్దామనుకుంటున్నాం. ఏమంటారు?" అని అడుగుతారు. ప్రైవేటు స్కూల్ ఫీజు కట్టలేక కొందరు, అక్కడ పిల్లలు పడే టెన్షన్ చూడలేక కొందరు, ఫోన్లో వీడియోలు చూసి ఇంకొందరు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలు ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు మా సంగతి. మూడో తరగతి అయ్యాక బాబుని ఒక ప్రైవేటు స్కూల్ మాన్పించాం. రోజూ పొద్దున కడుపు నొప్పి అనేవాడు. ఆదివారం ఆ నొప్పి ఉండేది కాదు. నాలుగు, ఐదు తరగతులు ఇంట్లో నేనే చెప్పాను. ఆరో తరగతికి మా మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చాం. పాపని మాత్రం ఒకటో తరగతి నుంచీ మా ఊరి ప్రాథమిక పాఠశాలకే పంపాం. రెండు దారులూ చూశాక ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేవి రెండే ప్రశ్నలు. పిల్లల పక్కన రోజూ ఎవరు కూర్చుంటారు? వాళ్లకు వచ్చిందో రాలేదో ఎవరు చూస్తారు? ఈ రెండింటికీ మీ దగ్గర జవాబు ఏ దారిలో ఉంటే ఆ దారి ఎంచుకోండి.

చట్టం ఏమంటుంది

2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆ సవరణే ప్రాథమిక విధుల్లో తల్లిదండ్రులకు కూడా ఒకటి చేర్చింది: ఆ వయసు పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించడం. 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులోని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్చనివాళ్లకు శిక్ష ఏదీ అందులో రాయలేదు. హోమ్ స్కూలింగ్ గురించి విడిగా ఏ నిబంధనా లేదు.

అంటే ఇంట్లో చదివిస్తామంటే నమోదు చేసుకునే ఆఫీసు లేదు, ఏడాదికోసారి వచ్చి చూసే అధికారి లేడు. చాలామంది దీన్ని స్వేచ్ఛ అనుకుంటారు. నాకైతే భయం వేసింది. బడిలో ఒక టీచరు సరిగ్గా చెప్పకపోతే పట్టుకోవడానికి హెచ్‌ఎం ఉంటారు, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఉంటారు, తల్లిదండ్రులుగా మనం ఉంటాం. నేను సరిగ్గా చెప్పకపోతే పట్టుకునేది ఎవరు? పాఠం చెప్పేదీ నేనే, పరీక్ష పెట్టేదీ నేనే, మార్కులు వేసేదీ నేనే.

అమెరికాలో ఉన్న చుట్టాలు అక్కడ ఇది మామూలే అంటారు. నిజమే, అక్కడ అన్ని రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. కానీ పద్ధతి రాష్ట్రానికో రకం. న్యూయార్క్‌లో ముందుగా స్కూల్ డిస్ట్రిక్ట్‌కు, అంటే అక్కడి బడులను నడిపే స్థానిక సంస్థకు తెలియజేయాలి, ఏడాదికి బోధన ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, ఏడాది చివర మదింపు చేయించాలి. టెక్సాస్‌లో ఇవేవీ అడగరు. కాబట్టి అక్కడివాళ్ల వీడియో చూసి ఇక్కడ మొదలుపెట్టే ముందు, వాళ్ల పని ఎవరైనా చూస్తున్నారా అన్నది కనుక్కోండి. చూస్తుంటే మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో తేల్చుకోండి.

రోజుకు ఎన్ని గంటలు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను.

విద్యా హక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బడి ఏడాదికి కనీసం 200 రోజులు పనిచేయాలి, 800 గంటల బోధన జరగాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు, 1000 గంటలు. ప్రాథమిక తరగతుల లెక్క తీస్తే రోజుకు నాలుగు గంటలు. ఇంట్లో ఒక్కరికే చెబుతాం కాబట్టి అంత టైమ్ పట్టదు. నా అనుభవంలో నాలుగో తరగతి పిల్లవాడికి శ్రద్ధగా రెండున్నర గంటలు చాలు. కానీ ఆ రెండున్నర గంటలు రోజూ ఉండాలి.

మొదటి ఏడాది జూన్ నుంచి ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి ఎంతసేపు కూర్చున్నామో రాసుకున్నాను. దసరాకు తీసి లెక్కపెడితే తల తిరిగింది. మధ్యలో అత్తమ్మకు జ్వరం, రెండు పెళ్లిళ్లు, నాట్ల రోజులు, పాపకు దగ్గు. నేను రోజూ చెబుతున్నాననే అనుకున్నాను. నోట్‌బుక్ చూస్తే మూడు రోజులకు ఒక రోజు గల్లంతు. కూర్చున్న రోజుల్లో కూడా లెక్కలు తప్పించి తెలుగు, సైన్స్ చేసిన రోజులే ఎక్కువ. ఎందుకంటే నాకు ఇష్టమైనవి అవి.

అందుకే ఫోన్ చేసినవాళ్లకు చెప్పే మొదటి పని ఇది. వేసవి సెలవుల్లోనే మూడు వారాలు ఇలా రాసి చూడండి. బడి మాన్పించక ముందే. ఆ 21 రోజుల్లో ఒక పెద్ద మనిషి, వేరే పని పెట్టుకోకుండా, పక్కన కూర్చున్న రోజులు ఎన్నో చూడండి. 15 దాటకపోతే హోమ్ స్కూలింగ్ ఆలోచన పక్కన పెట్టేయమంటాను. దీనికి డిగ్రీ ఉందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. పదో తరగతి చదివిన తల్లి రోజూ కూర్చుంటే, పీజీ చదివి నెలకు పది రోజులు కూర్చునే తండ్రి కంటే బాగా నేర్పగలదు.

డబ్బు లెక్క కూడా వేయాలి. హోమ్ స్కూలింగ్ చవక అంటారు. పుస్తకాలు చవకే. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండే ద్విభాషా పుస్తకాలు ఇంట్లో చెప్పేవాళ్లకు చాలా బాగుంటాయి. అసలు ఖర్చు ఇంట్లో ఒకరి సంపాదన ఆగిపోవడం. నేను టైలరింగ్ రెండేళ్లు దాదాపు ఆపేశాను. ఆ డబ్బు లెక్కలో వేస్తే మాకు ఆ రెండేళ్లు ప్రైవేటు స్కూల్ ఫీజు కంటే ఎక్కువే అయింది.

ప్రభుత్వ బడిలో చూడాల్సింది

ప్రభుత్వ బడి అనగానే మంచిది, చెడ్డది అని ఒక్క మాటలో తీర్పు చెప్పేస్తారు. ఒకే మండలంలో రెండు బడుల మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఆంధ్రలో 'నాడు-నేడు', తెలంగాణలో 'మన ఊరు మన బడి' పథకాల కింద చాలా బడులకు రంగులు పడ్డాయి, బల్లలు, మరుగుదొడ్లు వచ్చాయి. అవి కావలసినవే. ముఖ్యంగా ఆడపిల్లలకు నీళ్లున్న మరుగుదొడ్డి బడికి రావడానికీ మానేయడానికీ మధ్య తేడా. అయినా నేను బడికి వెళితే ముందు అడిగేది ఇదే: ఎన్ని తరగతులు, ఎంతమంది టీచర్లు?

చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. వినడానికి బాగానే ఉంది. కానీ 25 మంది పిల్లలున్న ఊళ్లో ఇద్దరు టీచర్లుంటే, వాళ్లు ఐదు తరగతులు చెప్పాలి. ఒకరు సెలవు పెడితేనో ట్రైనింగ్‌కు వెళితేనో మిగిలేది ఒక్కరే. ఒకటో తరగతివాళ్లు గుణింతాలు దిద్దుతుంటే ఐదో తరగతివాళ్లు భాగహారం చేయాలి, ఒకే గదిలో. కొందరు టీచర్లు దీన్ని అద్భుతంగా నడుపుతారు. మా పాప టీచరమ్మ అలాంటి ఆవిడే. పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చదివించేది, తను మూల కూర్చుని వెనకబడ్డ ఇద్దరికి ఒత్తులు నేర్పేది. ఇంకో ఊళ్లో అదే పరిస్థితిలో పిల్లలు రోజంతా నల్లబల్ల మీదిది ఎక్కించుకుంటూ కూర్చోవడం కూడా చూశాను.

పిల్లలు ఎక్కువున్న బడిలో తరగతికో టీచరు ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ వీధి బడి చిన్నదైతే, కిలోమీటరు దూరంలోని పెద్ద బడి కూడా చూడండి. వెళ్లేటప్పుడు మధ్యాహ్నం 12 గంటలకు వెళ్లండి. పాఠం ఎలా జరుగుతుందో భోజనానికి ముందు పీరియడ్‌లో కనిపిస్తుంది, భోజనం ఎలా ఉందో కళ్ల ముందే తెలుస్తుంది, పిల్లలు టీచరుతో భయపడుతూ మాట్లాడుతున్నారో చనువుగా మాట్లాడుతున్నారో అర్థమవుతుంది. ఐదో తరగతి పిల్లవాడి నోట్‌బుక్ అడిగి చూడండి. ఎర్ర సిరా దిద్దుబాట్లు ఎన్ని పేజీల్లో ఉన్నాయో చూస్తే చాలు.

హైస్కూలుకు వస్తే పరిస్థితి వేరు. ఆరో తరగతి నుంచి సబ్జెక్టుకో టీచరు ఉంటారు. డీఎస్సీ రాసి వచ్చిన లెక్కల సార్, సైన్స్ టీచరు, ల్యాబు, ఆటస్థలం, పీఈటీ. ఎనిమిదో తరగతి బీజగణితం, భౌతిక శాస్త్రం, హిందీ, ఇంగ్లిష్ అన్నీ ఒక్క తల్లి చెప్పడం చాలా కష్టం. నేను ఆరో తరగతి పుస్తకాలు తెచ్చి తిరగేసిన రోజే నా వల్ల కాదని ఒప్పుకున్నాను. ప్రాథమిక తరగతుల్లో ఇల్లు బడితో పోటీ పడగలదు. హైస్కూలు తరగతుల్లో, మంచి జిల్లా పరిషత్ స్కూల్ అందుబాటులో ఉంటే, నా ఓటు బడికే.

కాగితాల సంగతి

ఇంట్లో చదివించే ఉత్సాహంలో ఎవరూ దీన్ని పట్టించుకోరు. తర్వాత పిల్లలకు ఇదే దెబ్బ కొడుతుంది.

నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే పిల్లలు ఆ ఏడాది అదే జిల్లాలో ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలో ఐదో తరగతి చదువుతుండాలి. గ్రామీణ కోటాకు మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలోని బడిలో చదివి ఉండాలి. మా బాబు ఇంట్లో ఐదో తరగతి చదువుతుండగా ఈ సంగతి నాకు తెలిసింది. వాడికి రాయాలని ఉంది, రాయగల తెలివీ ఉంది. రాయలేకపోయాడు. ముందుగా కనుక్కోకపోవడం నా తప్పు. ఇప్పటికీ బాధ వేస్తుంది.

ఉద్యోగాల దగ్గర స్థానికత ప్రశ్న, అంటే ఏ జిల్లావాళ్ల కింద లెక్కేస్తారన్నది వస్తుంది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. దానికి బోనఫైడ్ సర్టిఫికెట్లు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చదవనివాళ్లకు నివాస ధ్రువపత్రం దారి ఉంది కానీ, దాని కోసం తిరగాల్సిన తిరుగుడు మీ పిల్లలు పడాలి. ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు మార్కులు కలుపుతూ వచ్చారు. ఇంట్లో చదివినవాళ్లకు ఆ అవకాశం ఉండదు.

పదో తరగతి పరీక్షకు మాత్రం దారి బాగానే ఉంది. 1989లో మొదలైన జాతీయ ఓపెన్ స్కూల్, అంటే ఇప్పటి ఎన్‌ఐఓఎస్, 14 ఏళ్లు నిండినవాళ్లకు పదో తరగతి రాసే వీలు కల్పిస్తుంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి, తెలుగు మీడియంలో రాయవచ్చు. డాక్టర్ చదువు సంగతి అడుగుతారు. ఓపెన్ స్కూల్ పిల్లల్ని నీట్‌కు అనర్హుల్ని చేసిన నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అయినా ఏ కోర్సు కావాలో ముందే అనుకుని, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు చదివాకే అడుగు వేయండి.

ఇల్లే మేలు అనిపించే సందర్భాలు

ఉన్నాయి. బడి పేరెత్తితే వణికే పిల్లలకు కొంత కాలం ఇల్లు మందులా పనిచేస్తుంది. మా బాబు విషయంలో అదే జరిగింది. కడుపు నొప్పి రెండో నెలలోనే పోయింది. పుస్తకం తనంతట తాను తీయడం ఆరు నెలలకు వచ్చింది. దీర్ఘకాలం జబ్బు చేసిన పిల్లలు, పని మీద ఏడాదికో ఊరు మారే కుటుంబాలు, రోజుకు ఐదారు గంటలు ఆటకో సంగీతానికో ఇచ్చే పిల్లలు, వీళ్లకు కూడా ఇంటి చదువు సరిపోతుంది. అందుకు తగిన మనిషి ఇంట్లో ఉంటే.

తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఒక విషయం తప్పకుండా తెలుసుకోవాలి. 2012లో విద్యా హక్కు చట్టాన్ని సవరించి, బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి వద్దే చదువుకునే హక్కు ఇచ్చారు. అది మీరు ఒంటరిగా మోయాల్సిన హోమ్ స్కూలింగ్ కాదు. ప్రభుత్వం సాయం చేయాల్సిన చదువు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలకు వెళ్లి అడగండి. పిల్లల పేరు బడి రిజిస్టరులో ఉంచి, ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు గురించి మాట్లాడండి.

ఒక సందర్భంలో మాత్రం నేను గట్టిగా వద్దంటాను. "అమ్మాయి పెద్దమనిషి అయింది, హైస్కూలు దూరం, ఇంట్లోనే ఓపెన్ టెన్త్ కట్టిస్తాం" అనే మాట చాలా ఇళ్లలో విన్నాను. దానికి హోమ్ స్కూలింగ్ అని పేరు పెట్టకండి. రోజూ పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేకపోతే ఆ పిల్ల చేసేది ఇంటి పని, చూసేది తమ్ముడిని. 1990ల నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు పొలాల్లోంచి, పశువుల వెంట నుంచి పిల్లల్ని బడికి తెచ్చారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలి కిందే లెక్క అని వాళ్లు ఊరూరా వాదించారు. ఆ మాట మన ఇళ్లలో ఇంకా నిజం. దూరమే సమస్య అయితే ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయం ఉంది, గురుకులాలు ఉన్నాయి. ముందు అవి చూడండి.

బడికి పంపినా మీ పని అయిపోదు

పాపని బడికి పంపుతున్నాం కదా అని మొదటి ఏడాది నేను కాస్త నిశ్చింతగా ఉన్నాను. అది కూడా పొరపాటే. ఇప్పుడు నెలకోసారి పది నిమిషాలు ఒక పరీక్ష పెడతాను. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థవాళ్లు ఊళ్లలో పెట్టే పద్ధతే ఇది. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత ఒకటో తరగతి స్థాయి పేరా, ఆ తర్వాత రెండో తరగతి స్థాయి కథ, బయటికి చదవమనాలి. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. మీ పిల్లలు ఏ తరగతిలో ఉన్నా, ఎక్కడ చదువుతున్నా, ఇది పెట్టి చూడండి. మూడో తరగతి చివరికి రెండో తరగతి కథ గడగడా చదవలేకపోతే ఆ వారమే టీచరును కలవాలి. ఇంట్లో చదివిస్తున్నవాళ్లయితే ఈ పరీక్ష మీరు కాక ఇంకెవరితోనైనా పెట్టించండి. మన పిల్లలు తడబడితే మనమే అందించేస్తాం, మనకే తెలియకుండా. నేను పక్కింటి రిటైర్డ్ టీచరు గారిని బతిమాలుకున్నాను. నేను వచ్చేసిందనుకున్న భాగహారం రాలేదని ఆయనే పట్టుకున్నారు.

బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చట్టంలో ఉంది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పెట్టారు. సంతకానికి పిలిచినప్పుడు వెళ్లి సంతకం పెట్టి రావడంతో సరిపెట్టకండి. టీచరు పోస్టు ఖాళీగా ఉంటే కమిటీ తీర్మానం రాసి ఎంఈఓకు ఇవ్వండి. మా బడిలో హిందీ పోస్టు గురించి అలా మూడుసార్లు రాశాం. మూడోసారికి సర్దుబాటు మీద ఒక టీచరును పంపారు. ఈ పని ఒక్క తల్లి వల్ల కాదు, పదిమంది కలిస్తే అవుతుంది. ఇంట్లో చదివించినప్పుడు ఈ తోడు నాకు లేదు. ఆ రెండేళ్లలో నన్ను ఎక్కువగా అలసగొట్టింది కూడా అదే.

ఇంత చెప్పాక కూడా కొందరు "మొదలుపెట్టాక కుదరకపోతే?" అని అడుగుతారు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఎప్పుడైనా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చట్టం 4వ సెక్షన్‌లో ఉంది. వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా ఉంది. బాబుని హైస్కూలుకు తీసుకెళ్లిన రోజు నా చేతిలో టీసీ లేదు, వాడి రెండేళ్ల నోట్‌బుక్కులు సంచిలో మోసుకెళ్లాను. హెచ్‌ఎం గారు వాటిని తిరగేశారు. ఒక పేరా చదివించారు. నల్లబల్ల మీద ఒక భాగహారం వేశారు. వాడు చేశాడు. పుట్టిన తేదీ పత్రం జిరాక్స్ తీసుకుని, "రేపటి నుంచి పంపించమ్మా" అన్నారు.